నేరేడుచర్లలో గాలి ఏ నెలలో ఎలా ఉంటుంది? ఆస్తమా ఉన్న అమ్మను తీసుకురావచ్చా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు రిటైరయ్యారు, హైదరాబాద్ ఇల్లు అద్దెకిచ్చి సూర్యాపేట జిల్లాలోని సొంతూరు నేరేడుచర్లకు వచ్చేయాలని చూస్తున్నారు. అమ్మగారికి చాలా ఏళ్లుగా ఆస్తమా ఉంది. పల్లె గాలి తగిలితే అదే తగ్గుతుందని చుట్టాలంతా అంటున్నారు, మీకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఫోన్‌లో గాలి నాణ్యత చూస్తే రోజుకో రకంగా చూపిస్తోంది, ఏది నమ్మాలో తెలియడం లేదు.

నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోనే, హాలియా నుంచి మిర్యాలగూడ, నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వరకు ఈ రోడ్డు వెంబడే గడిచింది. మా ఆవిడకూ ఆస్తమానే. అందుకని పొలం సంగతీ, ఇంట్లో పిల్లికూతల సంగతీ రెండూ దగ్గర నుంచి చూసినవాడిగా చెబుతున్నాను.

అమ్మగారిని తీసుకురండి. కాకపోతే పల్లె కాబట్టి గాలి బాగుంటుందన్న ధీమాతో రావద్దు. ఇక్కడి గాలి వరి పంట వెంట నడుస్తుంది. నాట్లప్పుడు ఒకలా, మందు కొట్టేటప్పుడు ఒకలా, కోతలప్పుడు మరోలా ఉంటుంది. హైదరాబాద్‌లో బండ్ల పొగ రోజూ ఉండేదే. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు, కొన్ని వారాలు మాత్రం జబ్బున్న మనిషికి నరకం. ఆ వారాలు ఏవో ముందే తెలిస్తే సగం సమస్య తీరినట్టే.

ముందు ఆ చెడ్డ రోజుల గురించే చెబుతాను, ఎందుకంటే మీరు ఏర్పాట్లు చేసుకోవాల్సింది వాటి కోసమే.

దీపావళి వెళ్లి కార్తీకం మొదలయ్యేసరికి ఇక్కడ వానాకాలం వరి కోతలు ఊపందుకుంటాయి. డిసెంబర్ దాకా సాగుతాయి. ఒకప్పుడు కొడవళ్లతో మొదలంటా కోసి, మోపు కట్టి, గడ్డి వాము వేసేవాళ్లు. ఇప్పుడంతా కోత మిషన్లే. మిషన్ గింజను ట్యాంకులోకి లాక్కుని, గడ్డిని వెనక వరుసలుగా వదిలేసి పోతుంది, పొలంలో మోకాలు కిందెత్తున కొయ్యకాళ్లు మిగులుతాయి. ఆ గడ్డిని ఎత్తాలంటే బేలర్, అంటే గడ్డిని కట్టలు కట్టే మిషన్, రావాలి. బేలర్ రావాలంటే మడి ఆరాలి. ఇటు చూస్తే యాసంగి నార్లు పోయాలి, కాలువ నీళ్లు వచ్చిన వెంటనే దమ్ము చేయాలి. మధ్యలో ఉన్నది కొద్ది రోజులే. కూలీలు దొరకరు, ఇంట్లో పశువులు లేవు, గడ్డి అడిగేవాడూ లేడు. అగ్గిపుల్ల గీసేస్తే సాయంత్రానికి మడి ఖాళీ. రైతుకు తెలియక చేస్తున్నాడని చాలామంది అనుకుంటారు. తెలుసు, తీరిక లేక, చేతిలో డబ్బు లేక చేస్తున్నాడు.

ఆ పొగ ఇదే ఏప్రిల్‌లో లేస్తే పైకి పోయి చెదిరిపోతుంది. నవంబర్, డిసెంబర్‌లలో అలా పోదు. ఆకాశం నిర్మలంగా ఉన్న చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, నేలనంటుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. దానిపైన కొంచెం వెచ్చటి గాలి పొర నిలబడుతుంది. గిన్నె మీద మూత పెట్టినట్టే. కింది పొగ ఆ మూత దాటి పైకి పోలేదు. పొద్దున్నే కాలువ కట్ట మీద నిలబడి చూడండి. ఎక్కడో మడిలో ఇంకా రాజుకుంటున్న గడ్డి నుంచి పొగ నిటారుగా తాటిచెట్టు ఎత్తు దాకా లేస్తుంది, అక్కడ ఆగిపోయి, అడ్డంగా పరుచుకుంటూ ఊరి మీదికి వస్తుంది. దూరం నుంచి చూసినవాళ్లు పొగమంచు అనుకుంటారు. మంచుకు వాసన ఉండదు, దీనికి కాలిన గడ్డి వాసన ఉంటుంది, గొంతులో గరగర ఉంటుంది. సూర్యుడు ఎక్కి నేల వేడెక్కితే గానీ ఆ మూత లేవదు. అందుకే చలికాలంలో తెల్లవారుజాము నుంచి తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా గాలి అన్నిటికన్నా చెడ్డగా ఉంటుంది, పది దాటితే తేటపడుతుంది. మళ్లీ పొద్దుగూకాక మూత పడుతుంది.

దీన్నిబట్టి అమ్మగారి విషయంలో చేయాల్సింది ఒకటుంది. చాలామంది పెద్దవాళ్లకు తెల్లవారుజామున నడక అలవాటు. కార్తీక స్నానాలూ, గుళ్లూ ఆ వేళకే. నవంబర్ నుంచి జనవరి దాకా నడకను పదిన్నర తర్వాతికో, సాయంత్రం నాలుగింటికో మార్చండి. ఇంటి కిటికీలు కూడా అంతే. పొద్దున లేవగానే తలుపులు బార్లా తీయడం మన అలవాటు, ఈ రెండు మూడు నెలలు మాత్రం ఎండ ఎక్కాక తీసి, సూర్యాస్తమయానికి ముందే మూసేయాలి. మా ఇంట్లో ఈ ఒక్క మార్పుతో మా ఆవిడకు రాత్రి దగ్గు బాగా తగ్గింది. మందులు కూడా చేయలేని పని అది చేసిందని చెప్పను గానీ, మందు పని చేయడానికి వీలు కలిగింది.

ఇక మిల్లులు. మిర్యాలగూడ సంగతి తెలిసిందే, రైస్ మిల్లులకు పెట్టింది పేరు. నేరేడుచర్ల, హుజూర్‌నగర్ వైపూ మిల్లులున్నాయి. వీటిలో బాయిల్డ్ మిల్లులు, అంటే ఉప్పుడు బియ్యం చేసేవి, వడ్లను నానబెట్టి ఆవిరి పట్టిస్తాయి. ఆవిరి కోసం బాయిలర్‌లో కాల్చేది ఊక. వంద కిలోల వడ్లు ఆడిస్తే ఇరవై కిలోల పైన ఊక వస్తుంది, ఆ ఊక కాలితే నాలుగు కిలోల దాకా బూడిద మిగులుతుంది. అందులో ఎక్కువ భాగం సిలికా. మిల్లులో సైక్లోన్, బ్యాగ్ ఫిల్టర్ లాంటి దుమ్ము పట్టే పరికరాలు సరిగ్గా పనిచేస్తుంటే చాలావరకు అక్కడే ఆగుతుంది. పనిచేయకపోయినా, రాత్రిపూట ఆపేసినా, చుట్టుపక్కల డాబాల మీద తెల్లారేసరికి నల్లటి పొర కనిపిస్తుంది.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మీరే పరీక్ష చేసుకోవచ్చు. డాబా ఎక్కి, మూలల్లో, నీళ్ల ట్యాంకు మూత మీద పేరుకున్న దుమ్మును వేలితో తీసి చూడండి. రోడ్డు దుమ్మయితే ఎర్రగానో పసుపుగానో మెత్తగా ఉంటుంది. ఊక బూడిదయితే నల్లగానో బూడిదరంగుగానో ఉంటుంది, పరీక్షగా చూస్తే కొన్ని రేణువులు ఊక ఆకారంలోనే, సన్నగా, వంపు తిరిగి ఉంటాయి. వేళ్ల మధ్య నలిపితే కరకరమంటుంది. పక్కింటివాళ్ల దండెం మీద తెల్లబట్టలు ఆరేసి ఉన్నాయా లేదా చూడండి. ఊక బూడిద పడే వీధిలో ఆడవాళ్లు తెల్లబట్టలు బయట ఆరేయరు. కంటికి కనిపించే ఈ బూడిద కన్నా, కనిపించకుండా ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే సన్నటి కణాలే ఎక్కువ హాని చేస్తాయి. కానీ డాబా మీద బూడిద పడుతోందంటే ఆ సన్నటివీ అక్కడికి వస్తున్నట్టే లెక్క.

ఇల్లు మిల్లుకు ఎంత దూరమో అందరూ అడుగుతారు. ఏ దిక్కున ఉందో కూడా అంతే ముఖ్యం. చలికాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు నుంచి వీస్తుంది. అంటే మిల్లుకు పడమర, నైరుతి వైపున్న ఇళ్ల మీదికి పొగ వెళుతుంది. వానాకాలంలో గాలి పడమర, నైరుతి నుంచి తిరుగుతుంది కాబట్టి అప్పుడు తూర్పు వైపు ఇళ్లకు వస్తుంది. అయితే వానాకాలంలో గాలి జోరుగా ఉంటుంది, జల్లులు కడిగేస్తాయి, బాధ తక్కువ. చలికాలంలోనే గాలి నిలిచిపోతుంది. అందుకని మీ ఇంటికి తూర్పున, ఈశాన్యాన మిల్లు లేకుండా చూసుకోండి. ఉద్యోగంలో ఉండగా మేం అద్దెకున్న ఇల్లు ఒక బాయిల్డ్ మిల్లుకు పడమటి పక్కన ఉండేది. ఆ చలికాలం మా ఆవిడ నెబ్యులైజర్ లేకుండా పడుకున్న రాత్రులు తక్కువ. అదే ఊళ్లో, అదే మిల్లుకు అవతలి వైపు ఇంటికి మారాక ఆ మరుసటి ఏడాదికి ఆమె పరిస్థితి చాలా కుదుటపడింది. వాస్తు చూసుకోండి, కాదనను, దాంతోపాటు ఇది కూడా చూసుకోండి.

మిల్లు పొగ భరించలేనంతగా ఉంటే ఊరుకోవద్దు. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం నల్గొండలో ఉంది. ఒక్కరు ఫోన్ చేసి చెప్పడం కన్నా, వీధివాళ్లంతా సంతకాలు పెట్టి, ఏ రోజు ఏ వేళకు ఎలా ఉందో ఫొటోలతో సహా ఇస్తే అధికారులకు కూడా కదలడానికి ఆధారం దొరుకుతుంది.

కోతల రోజుల్లో ఇంకో ఇబ్బంది వడ్ల దుమ్ము. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉంటేనే తూకం వేస్తారు కాబట్టి రైతులు దొరికిన చోటల్లా వడ్లు ఆరబోస్తారు, రోడ్ల మీద కూడా. తర్వాత ఫ్యాన్లు పెట్టి తూర్పార పడతారు. ఆ నూగు ఒంటికి తగిలితే దురద, ముక్కులోకి పోతే తుమ్ములు, ఆస్తమా ఉన్నవాళ్లకు ఆయాసం. కేంద్రం పక్కనుంచి వెళ్లాల్సి వస్తే అమ్మగారికి ఎన్-95 మాస్కు ముక్కుకు సరిగ్గా అతుక్కునేలా పెట్టించండి. ముఖానికి కట్టుకున్న చీర కొంగు, చేతి రుమాలు సన్నటి కణాలను ఆపవు.

భోగి మంటలతో చెడ్డ రోజులు దాదాపు ముగింపుకొస్తాయి. ఆ పొద్దున అమ్మగారిని లోపలే ఉంచండి, పాత టైర్లు, ప్లాస్టిక్ మంటల్లో వేయకుండా వీధి పిల్లలకు మీరే చెప్పండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, దాంతోపాటే ఆ పొగ మూత కూడా సన్నబడుతుంది. ఫిబ్రవరి నుంచి మార్చి మధ్య దాకా నా లెక్కలో ఏడాది మొత్తంలో రెండో మంచి కాలం. ఊరికి రావాలనుకుంటే అప్పుడు రండి, ఆమెకు కొత్త చోటు అలవాటవుతుంది.

ఎండాకాలం సంగతి మీకు తెలియనిది కాదు. ఉమ్మడి నల్గొండ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. యాసంగి కోతలు మార్చి చివర నుంచి మే మొదటి వారం దాకా నడుస్తాయి, మళ్లీ గడ్డి కాలుస్తారు. పగటి ఎండకు గాలి ఎత్తుకు లేచి పొగను చెదరగొడుతుంది కాబట్టి ఊపిరికి నవంబర్ అంత కష్టం ఉండదు. కానీ ఆ మంటలు గట్లెక్కి తాటిచెట్లను కాలుస్తాయి. ఏళ్ల తరబడి పెరిగిన తాళ్లు మొదళ్లు మాడి నిలబడి ఉంటే చూడటానికి నాకు మనసొప్పదు, వాటి మీద బతికే గీత కార్మికుల కుటుంబాలున్నాయి. ఆస్తమా మనిషి ఎండాకాలంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సింది గాలిదుమారం విషయంలో. సాయంత్రం పడమట మబ్బు పట్టి ఒక్కసారిగా దుమ్ము లేచి, వెనకాలే ఉరుములతో వాన పడుతుంది. దుమ్ముతోపాటు పుప్పొడి, బూజు కణాలు కూడా ఆ గాలిలో రేగుతాయి. మబ్బు కమ్మడం కనిపించగానే తలుపులు మూసుకుని లోపల ఉండాలి. వాన వెలిశాక ఒక అరగంట ఆగి తీస్తే చాలు.

మృగశిర దాటి వానలు పడ్డాక దుమ్ము, పొగ లెక్కన చూస్తే ఇదే మంచి కాలం. జూన్ చివర నుంచి సెప్టెంబర్ దాకా గాలి కడిగినట్టు ఉంటుంది. ఈ కాలంలో సమస్య బయట నుంచి ఇంట్లోకి మారుతుంది. చుట్టూ నిండు మడులు, గోడలకు చెమ్మ, బీరువా వెనక బూజు. ఆస్తమాకు బూజు గట్టి శత్రువు. పాత పెంకుటిల్లో, కారుతున్న స్లాబో అయితే వానలకు ముందే బాగుచేయించండి. 2024 సెప్టెంబర్ 1న కోదాడలో కాలనీల్లోకి వరద వచ్చి వెళ్లాక, నీళ్లు తీసిన ఇళ్లలో కూడా వారాల తరబడి చెమ్మ, బూజు వదల్లేదు. మంచాన్ని గోడకు జానెడు దూరం జరపండి, దూది పరుపులూ దిండ్లూ ఎండ కాసిన రోజల్లా ఎండేయండి. తడిసి బూజు పట్టిన గడ్డి వామును కదిలించేటప్పుడు మాత్రం అమ్మగారు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. ఆ బూజు పీల్చి ఆస్తమా లేని రైతులు కూడా ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకుంటారు.

వయ్యారిభామ గురించి కూడా చెప్పాలి. వానలకు ఖాళీ జాగాల్లో, రోడ్డు పక్కన నడుమెత్తు పెరిగి తెల్లటి పూలు పూస్తుంది. దాని పుప్పొడికి చాలామందికి తుమ్ములు, ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం వస్తాయి. పూత రాకముందే పీకించేయండి, పీకేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోవాలి.

ఆగస్టు, సెప్టెంబర్‌లలోనూ, మళ్లీ ఫిబ్రవరి, మార్చిలలోనూ వరికి మందులు కొడతారు. కాండం తొలిచే పురుగుకు, ఉల్లికోడుకు, దోమపోటుకు. ఇప్పుడు డ్రోన్లతో కూడా కొడుతున్నారు. ఇల్లు పొలాలకు ఆనుకుని ఉంటే పక్క రైతులతో ముందే మాట కలిపి పెట్టుకోండి. ‘అన్నా, మందు కొట్టే రోజు ఒక్క మాట చెప్పు, అమ్మకు ఆయాసం’ అంటే కాదనేవాళ్లు ఈ ఊళ్లలో ఉండరు. ఆ పూట కిటికీలు మూసి, ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుంటే సరిపోతుంది.

సిమెంట్ ఫ్యాక్టరీలు, కరెంటు ప్లాంటు గురించి అడిగేవాళ్లు ఉంటారు. సిమెంట్ ఫ్యాక్టరీలు ఎక్కువగా మఠంపల్లి, మేళ్లచెరువు, చింతలపాలెం వైపు ఉన్నాయి. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు వచ్చింది. ఆ ఊళ్లకు దగ్గరలో ఇల్లు తీసుకోవాలనుకుంటే వేరే ఆలోచించాలి. నేరేడుచర్లలో ఉండేవాళ్లకు రోజువారీగా తగిలేది మాత్రం లారీల రోడ్డు దుమ్మే. ఇల్లు హైవే మీదికి కాకుండా రెండు వీధులు లోపలికి తీసుకోండి.

ఫోన్ యాప్ సంగతి. చిన్న ఊళ్లకు యాప్ చూపించే అంకె ఎక్కువగా శాటిలైట్ చిత్రాల నుంచి, కంప్యూటర్ లెక్కల నుంచి వేసిన అంచనా. మీ వీధి చివర మడి తగలబడుతున్న సంగతి దానికి తెలియదు. దేశంలో గాలి ప్రమాణాలు అందుకోలేని పట్టణాల జాబితాలో నల్గొండ కూడా ఉంది, ఇది గుర్తుపెట్టుకుంటే మన వైపంతా గాలి మచ్చలేనిదన్న భ్రమ పోతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే ఆ సన్నటి కణాలు, రోజు సగటున ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. ఇంట్లో పెట్టుకునే చిన్న మీటర్ కొనుక్కుంటే మంచిదే, కానీ దాని అంకెను పట్టుకుని కంగారు పడకండి. పొగమంచు ఉన్న పొద్దున నీటి తుంపరలను కూడా అది దుమ్ము కింద లెక్కేసి ఎక్కువ చూపిస్తుంది. నిన్నటికన్నా ఇవాళ ఎలా ఉంది, పొద్దుటికన్నా సాయంత్రం ఎలా ఉంది అని పోల్చుకోవడానికి వాడుకోండి.

బయటి గాలి ఇంత చూసుకుని ఇంట్లో దోమల కాయిల్ వెలిగిస్తే చేసిందంతా దండగ. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నటి కణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉన్నంత ఉంటాయని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. వరి మడుల మధ్య ఊరు కాబట్టి దోమలు తప్పవు. కిటికీలకు జాలీ, మంచానికి దోమతెర కట్టించండి. నీళ్లు కాచడానికి పెరట్లో కట్టెల పొయ్యి పెట్టుకోవాలని నాన్నగారు ముచ్చటపడతారేమో, ఆ ముచ్చట మానుకోమనండి. ఊడ్చేటప్పుడు చీపురు బదులు తడిబట్ట. అగరుబత్తి, సాంబ్రాణి ధూపం ఆమె పడుకునే గదిలో వద్దు.

మందుల విషయంలో డాక్టర్ మాటే మాట. నేను చూసిన ఒక సంగతి మాత్రం చెబుతాను. వానాకాలం, ఫిబ్రవరి రోజుల్లో ఒళ్లు తేలిగ్గా అనిపించి చాలామంది రోజూ పీల్చాల్సిన ఇన్హేలర్ మానేస్తారు. కోతలు మొదలయ్యేసరికి ఊపిరితిత్తులు కాచుకుని ఉండవు, ఒక్క పొగ రాత్రికి ఆసుపత్రి పాలవుతారు. సెప్టెంబర్ చివరలో, అంటే కోతలకు నెల ముందే, మీ హైదరాబాద్ డాక్టర్‌కు ఒకసారి చూపించి, మందు మోతాదు, ఇన్హేలర్ పట్టే తీరు సరిచూపించుకోండి. ఫ్లూ టీకా గురించి కూడా అప్పుడే అడగండి. ఎమర్జెన్సీకి మిర్యాలగూడ దగ్గరే, అర్ధరాత్రి ఆక్సిజన్, నెబ్యులైజర్ ఉండే ఆసుపత్రి ఏదో ముందే వెళ్లి చూసి పెట్టుకోండి.

మీకు సొంత పొలం ఉందని రాశారు కాబట్టి చివరగా ఇది. కౌలుకిచ్చినా సరే, మీ మడిలో గడ్డి కాలకుండా చూడండి. టన్ను వరి గడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. కాలిస్తే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. మడి ఆరితే బేలర్ మాట్లాడి గడ్డి కట్టలు కట్టించి పాడి ఉన్నవాళ్లకు ఇవ్వొచ్చు. ఆరకపోతే నీళ్లు పెట్టి, ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి దమ్ములో కలియదున్నిస్తే గడ్డి త్వరగా చివుకుతుంది. ఆ బస్తా ఖర్చు, అదనపు దున్నకం ఖర్చు కౌలుదారు మీద వేయకుండా మీరే పెట్టుకోండి. అలా ఒప్పుకున్న భూస్వాముల పొలాల్లో కౌలురైతులు అగ్గి పెట్టడం మానేయడం నేను చూశాను, గట్టు పక్కవాళ్లూ తర్వాతి పంటకు వచ్చి అడిగారు.

ఇల్లు మాత్రం వెంటనే కొనొద్దు, కట్టొద్దు. ఫిబ్రవరిలో వచ్చి అద్దెకుండండి. నవంబర్, డిసెంబర్ ఆ వీధిలో గడిచాక అమ్మగారే చెబుతారు అక్కడ ఉండగలరో లేదో. ఏ వీధి చూస్తున్నారో, దగ్గర్లో ఏ దిక్కున మిల్లు ఉందో ఇక్కడ రాయండి, నాకు తెలిసినంత చెబుతాను.